తెర వెనుకటి నాదము

కోరినది సిద్ధింపనప్పుడు దానికై వెచ్చించిన సంవత్సరములెల్ల వ్యర్థములైనట్లేనా యను ప్రశ్న మనుష్యునకు క్రొత్తది కాదు. మన పెద్దలు ఫలత్యాగమును బోధించిరి. ఆ మహావాక్యమును మనము తరచుగా చులుకనచేసి, కోరకుండిన దుఃఖముండదను పాటి లౌకికనీతిగా దించివేసికొంటిమి. కాని యెన్నడు నేదియు గాఢముగా కోరనివానికి త్యజించుటకు మాత్రమేమున్నది? ఈ చింత నాలో మరల రేగుటకు కారణమైనది "హిబికె! యూఫోనియం" అను జపాను ఆనిమే.

ఆయానో తకెదా నవలల ననుసరించి క్యోటో ఆనిమేషన్ సంస్థవారు 2015లో ఆరంభించి 2024లో ముగించిన యీ ధారావాహిక, క్యోటో చెంతనున్న ఉజి పట్టణమున, కితఉజి ఉన్నత పాఠశాలలోని బ్యాండు బృందమునకు సంబంధించినది. కథానాయిక కుమికొ వాయించునది యూఫోనియం; ట్రంపెట్టువలె మిన్నుముట్టక, మెత్తగా, నిండుగా, తక్కిన స్వరములకు ఆధారమై పలుకు ఇత్తడి వాద్యమది. అంతకు పూర్వము, చిన్న తరగతులనాటి పోటీలో, బంగారు బహుమానము వచ్చియు పైస్థాయికి అర్హత దక్కక, సహాధ్యాయిని రెయినా ఉక్రోషముతో కన్నీరు కార్చుచుండగా, నిజముగా జాతీయస్థాయికి పోగలమనుకొంటివా యని కుమికొ ఆశ్చర్యముతో నడుగుటతో కథ మొదలగును. ఆ ప్రశ్నలో నున్నది తాటస్థ్యమే గాని వైరాగ్యము కాదు. ఆ తాటస్థ్యము కరగి, తానును ఓటమికి ఏడ్వగల మనిషి యగుటయే ఆమె కథ.

ఆ దారిలో భగ్నమైన కలలు పెక్కు కనబడును. చివరి సంవత్సరమందున్న కఓరికి ట్రంపెట్టు సోలో వాయింపవలెనని కోరిక. మొదటి సంవత్సరపు రెయినాతో నందఱి యెదుట పోటీపడి, తరువాత గురువు తకి నీవు వాయింతువా యని యడిగినప్పుడు, తాను వాయింపజాలనని తన నోటనే యామె చెప్పెను. ఈ కథకే చెందిన 2018 నాటి "లిజ్ మరియు నీలిపక్షి" చిత్రమున, వేణువు వాయించు నోజోమి, తన చాటున ఒదిగియున్న మిజొరె యొక్క ఓబో ఒకనాడు నిస్సంకోచముగా విజృంభింపగా, ఆ ప్రతిభ తనకందనిదని గ్రహించి కన్నీరు కార్చి, పిమ్మట నీ ఓబో నాకిష్టమని చెప్పును. కుమికొ అక్క మామికొ కథ వేఱు: చదువుకొఱకు ట్రొంబోను విడిచిన యామె పశ్చాత్తాపము ఓడినందులకు గాదు, ఓడునంతవరకైన నిలువనందులకు.

అయినను నన్ను చిరకాలము నిలిపివేసినది 2024 నాటి యంత్యఘట్టము. కుమికొ ఇప్పుడు బృందాధ్యక్షురాలు; వయసు గాక, స్నేహము గాక, ప్రతిభయే ప్రమాణమని తానే నిలువబెట్టినది. వేఱొక పాఠశాలనుండి వచ్చిన మాయు కూడ యూఫోనియం వాయించునదే; పోటీనుండి తాను తప్పుకొందునని ఆమె పలుమారు చెప్పినను, అట్టి దానమును కుమికొ స్వీకరింపలేదు. తుదకు రెయినా ట్రంపెట్టుకు తోడుగా వాయించు యూఫోనియం భాగమునకై యిరువురును తెర వెనుక నిలిచి వాయింతురు. నామరూపములు తొలగి నాదమొక్కటే మిగిలిన ఆ మందిరమున బృందము సమముగా చీలిపోవును. నిర్ణయము రెయినా మీద బడును. తెర యెవరికి అడ్డమైనను ఆమెకు కాదు. ఏ నాదము తన నెచ్చెలిదో ఆమె యెఱుగును. ఎఱిగియు మాయు నాదమునే యెన్నుకొనును. మూలనవలలో గెలిచినది కుమికొయే. ఆనిమే కర్తలు దానిని బుద్ధిపూర్వకముగా మార్చిరి.

ఇది క్రూరముగా తోచవచ్చును. కాని అనురాగముచేత రెయినా అసత్యమాడియున్నచో, కుమికొ చేత మిగులునది వంచితమైన విజయము. ఆమె జీవితమర్పించిన నాదమునకే ద్రోహము. కుమికొ తదుపరి కాలమున అదే పాఠశాలకు ఉపాధ్యాయినియై తిరిగివచ్చుటను జూపి, ఓటమికి పరిహారము లభించినదని తృప్తిపడుట నాకు సమ్మతము గాదు. తప్పిపోయిన ఆ భాగము తప్పిపోయినదే. ఏ పదవియు దానిని తిరిగి తేజాలదు.

మరి కృషికి మిగిలినదేమి? యాగము ముగిసిన క్షణమునకును ఫలము దక్కు కాలమునకును నడుమ "అపూర్వ"మను అదృశ్యశక్తి కర్తయందు నిలిచియుండునని మీమాంసకులు చెప్పిరి. వారు చెప్పిన విషయము వేఱైనను, ఆ మాట నాకిచ్చట వెలుగు జూపుచున్నది. కఓరి, నోజోమి, కుమికొ, ఈ మువ్వురకును ఏండ్ల సాధన విజయము నీయలేదు. కాని తమకంటె మేలైన నాదమును మేలైనదిగా వినగల చెవి నిచ్చినది. సాధన లేనివానికి రెండు నాదములును సమానమే. వానికి ఓటమి యొక అన్యాయముగానో, అదృష్టలోపముగానో తోచునేగాని సత్యముగా వినబడదు. తన యోటమిని తన చెవితోనే గుర్తించి, అసూయకు లోనుగాక ఔననుట, గెలుపుకంటె దుర్లభమైన సిద్ధి. ఫలత్యాగమనగా కోరిక లేమి గాదని, కోరిక పరిపూర్ణముగా నుండగనే సత్యమునకు దారి విడుచుటయని నాకు తోచుచున్నది.

ఫలితము తేలిన పిమ్మట కుమికొ చిఱునవ్వుతో బృందమునకు ధైర్యము చెప్పును. ఆ రాత్రి దైకిచి కొండమీద, రెయినా యెదుట మాత్రము ఆమె దుఃఖము కట్టలు తెంచుకొనును. ఎన్నడో యొకనాడు తనకర్థము గాక, ఎందులకని యడిగిన ఆ కన్నీరే యిప్పుడు తన కన్నులనుండి జాఱుచున్నది. అదియే ఆమె నేర్చినది.