తొట్టిలోకి దించే చెయ్యి

గత నెల ఒక ఆదివారం పూజ ముగిసి అందరూ గుడి ఆవరణలో పలకరించుకుంటున్న వేళ, గోపాలపట్నంలో ఇల్లు కట్టుకున్న ఒక పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచారు. ఉక్కు ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైన మనిషి. వెనకే ఒక్కో అడుగూ చూసుకుంటూ ఆయన భార్య వచ్చారు. ఆమెకు కొంతకాలంగా కీళ్లవాతం. సంగతేమిటంటే, అమెరికాలో ఉన్న కొడుకు తన ఇంటి పెరట్లో హాట్ టబ్ పెట్టించుకున్నాడు. బయట మంచు కురుస్తున్నా అందులో కూర్చుంటే ఒంటినొప్పులన్నీ పోతున్నాయట. అమ్మకి కూడా అలాంటిది పెట్టించమని, సగం డబ్బు తాను పంపుతానని వారం వారం ఫోనులో పోరుతున్నాడు. మిగతా సగం ఈయన ప్రావిడెంటు ఫండు సొమ్ములోంచి తియ్యాలి. అదేమీ చిన్న మొత్తం కాదు.

"ఏటి చెయ్యమంటారు మాస్టారూ? ఇవాళైతే కొనగలను. పదేళ్లు పోయాక, కొని మంచి పని చేశానని అనుకుంటానా?" అని అడిగారాయన.

ఆమె మెల్లగా అందుకున్నారు. "నాకెందుకండీ ఈ వయసులో ఆ సోకులు? అది తప్పు కాదూ?"

ఒకే తొట్టి గురించి భార్యాభర్తలిద్దరూ రెండు వేర్వేరు ప్రశ్నలు అడిగారు. ఆయన అడిగింది గిట్టుబాటు గురించి. ఆమె అడిగింది ధర్మం గురించి. ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చాక ఆలోచించినదాన్ని ఇక్కడ రాస్తున్నాను. హాట్ టబ్ కాకపోతే ఏ.సి., అది కాకపోతే కారు. ఇలాంటి ప్రశ్న మన విచారణలో ప్రతి ఇంటికీ ఏదో ఒక రోజు వస్తుంది కదా!

ముందు ఆమె ప్రశ్న చూద్దాం. వేడినీళ్ల సుఖం కోరుకోవడం తప్పా? క్రీ.శ. 387లో పునీత అగస్టీను తల్లి మోనికమ్మ రోము దగ్గరి ఓస్తియా రేవులో కన్నుమూసింది. దుఃఖం ఆపుకోలేక ఆయన స్నానాల గదికి వెళ్లాడు. స్నానం మనసులోని బాధను పోగొడుతుందని ఎవరో చెప్పగా విన్నాడట. స్నానం చేశాడు, బాధ పోలేదు. వెళ్లినవాడు వెళ్లినట్టే తిరిగొచ్చాడు. ఆ తర్వాత పడుకుని నిద్రలేస్తే మనసు కొంత తేలికపడింది. ఈ సంగతి దాచుకోకుండా తన 'కన్ఫెషన్స్' తొమ్మిదవ భాగంలో ఆయనే రాసుకున్నాడు.

సుమారు తొమ్మిది వందల ఏళ్ల తర్వాత పునీత తోమాస్ అక్వినాస్ తన మహాగ్రంథంలో దుఃఖానికి మందులేమిటని ప్రశ్న వేసుకున్నాడు. ఆయన ఒప్పుకున్నవి ఇవి: సంతోషం కలిగించే పని, కన్నీరు, స్నేహితుల ఓదార్పు, సత్యాన్ని ధ్యానించడం, చివరగా నిద్రా, స్నానమూ. అంత పెద్ద వేదాంతి స్నానాన్ని మందుల జాబితాలో చేర్చడానికి సిగ్గుపడలేదు. శరీరం సేదదీరితే మనసూ సేదదీరుతుందన్నాడు. కాబట్టి అమ్మా, మీ మోకాళ్లకు వేడినీళ్లు కోరుకోవడం తప్పు కాదు. "సోకు" అన్న మాటతో మీ నొప్పిని మీరే చిన్నబుచ్చుకోకండి. అయితే ఒకటి గమనించండి. ఆ జాబితాలో స్నానం ఒక్కటే లేదు, స్నేహితులు కూడా ఉన్నారు.

ఇక ఆయన ప్రశ్న. ముందుగా ఆ వస్తువేమిటో తెలియాలి. మామూలు బాత్ టబ్‌లో నీళ్లు నింపుతాం, స్నానం చేసి వదిలేస్తాం. హాట్ టబ్‌లో నీళ్లు నెలల తరబడి అలాగే ఉంటాయి. కరెంటుతో వేడి చేస్తూ, పంపుతో తిప్పుతూ, వడగడుతూ, క్లోరిన్‌లాంటి మందు వేస్తూ ఉండాలి. మందు తప్పితే ఆ గోరువెచ్చని నీటిలో క్రిములు పెరిగి ఒంటిమీద దద్దుర్లు, ఒక్కోసారి ఊపిరితిత్తుల జబ్బులు కూడా వస్తాయి.

దీని పుట్టుక కథ తెలుసుకోదగ్గది. ఇటలీ నుంచి అమెరికా వలస వెళ్లిన జకూజీ అనే అన్నదమ్ములు మొదట విమానాల పంకాలు, తర్వాత వ్యవసాయ బావులకు పంపులు తయారుచేసేవారు. వారిలో చిన్నవాడు కాండిడో. అతని కొడుకు కెన్నెత్‌కు పసితనంలోనే కీళ్లవాతం పట్టుకుంది. ఆసుపత్రిలో సుడులు తిరిగే వేడినీటిలో కూర్చోబెడితే పిల్లవాడికి ఉపశమనంగా ఉండేది. 1940ల చివర ఆ తండ్రి, ఇంట్లోని స్నానపు తొట్టిలోనే నీళ్లను అలా సుడులు తిప్పే చిన్న పంపు తయారుచేశాడు. 1968లో అదే కుటుంబానికి చెందిన రాయ్ జకూజీ ఆ పంపును తొట్టి గోడల్లోనే అమర్చి అమ్మకానికి పెట్టాడు. అప్పటినుంచి అది ధనవంతుల విలాసంగా పేరుపడింది. కానీ మొదటి తొట్టి పక్కన ఉన్నది విలాసం కాదు. నొప్పితో ఏడ్చే పిల్లవాడు, వాడి తండ్రి.

ఇప్పుడు మన ఊరి లెక్క వేద్దాం. నలుగురు కూర్చునే తొట్టికి వెయ్యి లీటర్లు తక్కువ కాకుండా పడతాయి. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది మన దేశపు ప్రమాణం. అంటే ఏడుగురికి ఒక రోజు సరిపోయే నీళ్లకంటే ఎక్కువే. మేఘాద్రిగెడ్డ పక్కనే ఉండి కూడా వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టిన వాళ్లకి ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు. ఆ నీటిని 26 డిగ్రీల నుంచి 38కి తేవడానికే సుమారు 14 యూనిట్ల కరెంటు కావాలి. ఆ తర్వాత వేడి చల్లారకుండా రోజూ కొంత కాలుతుంది. మరి మన విశాఖలో చలి ఎన్నాళ్లు? డిసెంబరు, జనవరి. మే నెలలో మధ్యాహ్నం డాబామీది ట్యాంకు నీళ్లే చెయ్యి పెట్టనివ్వవు! మంచు కురిసే ఊళ్లో కొడుక్కి హాయినిచ్చిన వస్తువు ఇక్కడ తల్లికి అంత హాయినిస్తుందా?

డబ్బు లెక్క ఇలా ఉంటే, మనసు లెక్క ఇంకొకటి. నాకు తెలిసిన ఒక కుటుంబం 2012లో ఇలాంటి తొట్టి కొన్నది. మొదటి క్రిస్మసుకి చుట్టాలందరూ వచ్చి వంతులు వేసుకుని కూర్చున్నారు. పిల్లల కేకలతో వీధంతా సందడి. రెండో ఏడు శనివారాలే దిగేవారు. మూడో ఏడు వచ్చేసరికి దాని మూతమీద మినపవడియాలు ఎండుతున్నాయి. ఎవరికీ దానిమీద కోపం లేదు, ఇష్టమూ లేదు. అలవాటైపోయింది, అంతే.

ఇది వాళ్ల తప్పు కాదు, మనిషి స్వభావం. 1978లో అమెరికాలో ముగ్గురు మనస్తత్వ శాస్త్రజ్ఞులు పెద్ద లాటరీలు గెలిచినవారిని కలిసి పరిశీలించారు. గెలవని వారికంటే వాళ్లేమీ చెప్పుకోదగినంత ఎక్కువ ఆనందంగా లేరు. పైగా రోజువారీ చిన్న చిన్న విషయాల్లో వాళ్లకు కలిగే సంతోషం మిగతావారికంటే తక్కువగా ఉంది. కొత్త సుఖం కొన్నాళ్లకు పాతబడుతుంది. నెలనెలా వచ్చే బిల్లు మాత్రం పాతబడదు.

ఆ కుటుంబం కథ అక్కడితో అయిపోలేదు. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను రోజు ఎవరికి గుర్తులేదు? గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచిన గాలి చెట్లనీ స్తంభాలనీ పడగొట్టింది. రోజుల తరబడి కరెంటు లేదు, పంపులు తిరగక నీళ్లూ లేవు. ఆ ఇంట్లో తొట్టినిండా వెయ్యి లీటర్లకు పైగా ఉన్నాయి. మందు కలిపినవి కాబట్టి తాగడానికి పనికిరావు. కానీ బురద కడుక్కోవడానికి, మరుగుదొడ్లకు పనికొస్తాయి. ఆ ఇంటాయన గేటు తీసిపెట్టారు. వీధివాళ్లు బకెట్లతో వచ్చి అడుగు కనిపించేదాకా తోడుకెళ్లారు. అంతకుముందు ఒకరి పేరు ఒకరికి తెలియని ఇళ్లవాళ్లు ఆ తొట్టి చుట్టూ నిలబడి మాట్లాడుకున్నారు. "మాస్టారూ, కొన్న డబ్బుకి న్యాయం జరిగింది ఆ వారం రోజుల్లోనే" అని ఆయన నాతో చాలాసార్లు అన్నారు.

తర్వాత ఉప్పుగాలికి మోటారు తుప్పుపట్టింది. బాగుచేసేవాడు దొరకడానికి నెలలు పట్టింది. ఈలోగా ఇంటామె మోకాళ్లు బాగా దెబ్బతిన్నాయి. తొట్టి అంచు నడుమెత్తు ఉంటుంది. కాలెత్తి లోపలికి దిగాలి, తడికాళ్లతో పైకి రావాలి. ఒకసారి జారి పడబోయారు. ఆ తర్వాత ఎప్పుడూ దిగలేదు. చూశారా విచిత్రం! మోకాళ్లు బాగున్నప్పుడు తొట్టి అవసరం లేదు. అవసరం ముదిరేసరికి తొట్టిలోకి దిగే శక్తి లేదు.

అక్కడే నాకు సువిశేషంలోని కోనేరు గుర్తుకొచ్చింది. యెరూషలేములో గొఱ్ఱెల ద్వారం పక్కన, 38 ఏళ్లుగా రోగంతో పడివున్న మనిషి. నీళ్లు కళ్లముందే ఉన్నాయి. వాటిలో స్వస్థత ఉందని అతను నమ్మాడు కూడా. అతని బాధల్లా ఒక్కటే, నీళ్లు కదిలినప్పుడు తనను దించే మనిషి లేడు. ప్రభువు ఆ కోనేటిని మెరుగుపరచలేదు. ఆ మనిషి దగ్గరకు వెళ్లి పలకరించాడు.

మా వైపే మరో ఇల్లు ఉంది. అక్కడ కాళ్లూ చేతులూ బిగుసుకుపోయిన ఒక కుర్రవాడు ఉన్నాడు. హాట్ టబ్ లేదు, మామూలు స్నానపు తొట్టి. పదిహేనేళ్లుగా తండ్రి రోజూ సాయంత్రం గోరువెచ్చని నీళ్లు నింపి, వాణ్ని రెండు చేతులతో ఎత్తి దించుతాడు. ఆ తొట్టి పింగాణీ అక్కడక్కడ పెచ్చులూడింది. దాని విలువ మాత్రం ఏటేటా పెరుగుతూనే ఉంది. కెన్నెత్ తండ్రికీ ఈ తండ్రికీ సముద్రాలు అడ్డం. అయినా ఇద్దరూ చేసింది ఒకటే పని.

కాబట్టి పెద్దాయనా, నాకు తోచిన జవాబు ఇది. సుఖం కోసం కొన్నది కొన్నాళ్లకు పాతబడుతుంది. అవసరం కోసం కొన్నది అవసరం ఉన్నంతకాలం నిలుస్తుంది, కానీ పక్కన ఒక చెయ్యి ఉంటేనే. చెయ్యి లేని తొట్టి ఎంత ఖరీదైనదైనా ఆ గొఱ్ఱెల ద్వారం పక్కన కోనేరే. అలాగే వీధికి గేటు తెరుచుకోగల వస్తువు, ఒక్క వారమైనా సరే, తన ఖరీదు తాను చెల్లించుకుంటుంది.

మీ అబ్బాయిని తప్పుపట్టకండి. అతను తొట్టి పంపాలనుకోవడం లేదు, తన చెయ్యి పంపాలనుకుంటున్నాడు. అంత దూరం నుంచి చెయ్యి పంపలేక డబ్బు పంపుతానంటున్నాడు. ఇది మన ఊళ్లో చాలామంది పిల్లల కథే.

ఇంతకీ ఏం చెయ్యాలి? ముందు డాక్టరును అడగండి. రక్తపోటు, గుండెజబ్బు, షుగరు ఉన్నవాళ్లు వేడినీళ్లలో ఎంతసేపు ఉండొచ్చో వారే చెప్పాలి. నీటి వేడి 40 డిగ్రీలు దాటకూడదన్నది అందరికీ వర్తించే మాట. తర్వాత, నలభై రోజులు ఒక పరీక్ష పెట్టుకోండి. రోజూ సాయంత్రం ఆమె కుర్చీలో కూర్చుంటే, మీరు వెడల్పాటి టబ్బులో వేడినీళ్లు పోసి, రాళ్లుప్పు వేసి, కాళ్లు అందులో పెట్టించి, చెంబుతో మోకాళ్లమీద పోయండి. పక్కన స్టూలు వేసుకుని అరగంట కబుర్లు చెప్పండి. నలభై రోజుల తర్వాత కూడా ఆ అరగంట కోసం ఇద్దరూ ఎదురుచూస్తుంటే, అప్పుడు పెద్ద తొట్టి గురించి ఆలోచించవచ్చు. అదైనా అంచు తక్కువగా ఉండి, పట్టుకోవడానికి కమ్మీలున్నదైతే మంచిది. పదిరోజులకే మానేస్తే, మీ ప్రావిడెంటు ఫండు సొమ్ము నిలిచినట్టే.

ఈ మాటలే ఆ తర్వాతి ఆదివారం ఆయనతో చెప్పాను. తల ఊపారు గానీ ఏమీ అనలేదు. మూడు వారాలు గడిచాక, నిన్నటి ఆదివారం గుడి గుమ్మం దగ్గర ఆమే నన్ను ఆపారు. మొహంలో పాత బెరుకు లేదు.

"చూడండి మాస్టారూ, ఎన్నిసార్లు చెప్పినా ఈయన నీళ్లు మరీ వేడిగా తెస్తారు" అని అందరిముందూ ఫిర్యాదు చేశారు.

ఆయన నవ్వుతూ ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దింపారు. తొట్టి సంగతి ఇద్దరూ ఎత్తలేదు. నేనూ అడగలేదు.