ఉత్తరకథలో నాయకుని స్థానము

కథ ముగిసినదని కవి చెప్పినను శ్రోత ఒప్పుకొనడు. "ఆ తరువాత ఏమైనది?" అని అడుగును. పిల్లలకు కథలు చెప్పిన ప్రతి తల్లికిని ఈ ప్రశ్న పరిచితమే. లోకములోని ఉత్తరకథలన్నియు ఈ ప్రశ్నకు సమాధానముగనే పుట్టినవి. కాని అడుగు శ్రోత మనస్సులో ఒక షరతు దాగి యుండును. తాను ప్రేమించిన నాయకుడు మునుపటి వలెనే ముందు నడువవలెను, మునుపటి వలెనే గెలువవలెను అనునదే ఆ షరతు. కవి దానిని పాటింపక, నాయకుని ప్రక్కకు జరిపి, వేరొకరిని ఆ స్థానమున నిలిపినచో శ్రోతకు కోపము వచ్చును. ఆ కోపము న్యాయమైనదా? కవికి అట్టి అధికారము కలదా? ఇది సాహిత్యమునకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు; ధర్మమునకును సంబంధించినదని నా తలంపు.

ఈ ప్రశ్నను నేడు మనవారిలో ఎక్కువగా చర్చించుచున్నది పండితులు కారు, యువకులు. కుందలహళ్ళి ఒకప్పుడు చెరువును నమ్ముకొని బ్రదికిన పల్లె. నేడు వైట్‌ఫీల్డు త్రోవలో మేడల నడుమ ఇమిడిపోయిన పేట. 2023 మార్చి నుండి మెట్రో రైలు సయితము ఇచట ఆగుచున్నది. ఇక్కడి కంప్యూటరు కంపెనీలలో పనిచేయు మన తెలుగు పిల్లలు, వారి పెద్దలు పద్యనాటకములను గూర్చి వాదించుకొన్నంత పట్టుదలతో వీడియో గేముల కథలను గూర్చి వాదించుకొందురు. వారి వాదములలో మాటిమాటికి వచ్చు ఫిర్యాదు ఒకటే: "రెండవ భాగములో మా నాయకుని అన్యాయము చేసినారు."

ఆ ఫిర్యాదునకు మూలమైన రెండు ఆటలను చెప్పెదను. జపాను దేశస్థుడైన హిడియో కొజిమా రూపొందించిన 'మెటల్ గేర్ సాలిడ్ 2' 2001లో వెలువడెను. మొదటి ఆటలో నాయకుడైన స్నేక్ అను వీరుడే దీనిలోను నాయకుడని ప్రచారచిత్రములన్నియు చెప్పినవి. ఆట కొన్నవారు తొలి ఘట్టము వరకే అతనిగా ఆడగలిగిరి. పిదప రైడెన్ అను కొత్త యువకుడు ప్రవేశించెను. కథ చివరి వరకు ఆడువారు అతనితోనే నడువవలసి వచ్చెను. స్నేక్ సహాయపాత్రగా మిగిలెను. రెండవది 'ది లాస్ట్ ఆఫ్ అస్'. 2013లో వచ్చిన మొదటి భాగములో జోయెల్ అను నడివయసు వాడు ఎల్లీ అను బాలికను కాపాడుచు దేశమునకు అడ్డముగ ప్రయాణము చేయును. ఆ బాలికను బలియిచ్చిన గాని మహమ్మారికి మందు దొరకదని తెలిసినప్పుడు, అతడు వైద్యుని చంపి ఆమెను తెచ్చుకొనును. 2020 జూనులో వెలువడిన రెండవ భాగములో, ఆ వైద్యుని కూతురు కథ మొదలైన కొద్దిసేపటికే జోయెల్‌ను చంపును. అంతటితో ఆగక, ఆటలో దాదాపు సగభాగము ఆ కూతురి పాత్రతోనే ఆడవలయును. తాము ప్రేమించినవానిని చంపిన చేతితోనే తామాడవలసి వచ్చినందుకు ఎందరో ఆగ్రహించిరి. ఆ పాత్రకు గాత్రమిచ్చిన నటికి ప్రాణహాని బెదరింపులు సయితము వచ్చినవి.

ఈ ఆగ్రహమును పిల్లచేష్ట యని త్రోసివేయుట తగదు. మన ఆలంకారికులు సాధారణీకరణమను మాట చెప్పిరి. నాయకుని దుఃఖము అతనిది మాత్రమే కాక, నాది, నీది అను భేదము లేక సహృదయునిదగును. చదువరికి ఇది మనస్సులో జరుగును. ఆటయందు చేతిలో జరుగును. నాయకుడు పరుగెత్తుట, దాగుట, దెబ్బతినుట అన్నియు ఆడువాని వ్రేళ్ళ కొనలనుండియే పుట్టును. పదుల కొలది గంటలు ఒకనితో అట్లు కలిసి నడచిన పిమ్మట "ఇక అతడు కాదు, ఇతడు" అన్నచో మనస్సు తిరుగబడుట సహజమే. బంధము నిజమైనదైనప్పుడు నొప్పియు నిజమైనదే. అయినను, నొప్పి కలిగినంత మాత్రమున అన్యాయము జరిగినట్లు కాదు. ఈ రెంటి నడుమ దూరమును మన పూర్వకవులు మనకంటె ముందే కొలిచి చూచిరి.

రాముని కంటె ప్రియతరుడైన నాయకుడు తెలుగువారికి లేడు. అతని ఉత్తరకథయెదుట మన కవులు నిలిచిన తీరు గమనింపదగినది. మొల్ల తన రామాయణమును పట్టాభిషేకముతో ముగించి, ఆవలికి అడుగు పెట్టలేదు. రంగనాథ రామాయణము యుద్ధకాండతో ఆగెను. ఉత్తరకాండను గోన బుద్ధారెడ్డి కుమారులు కాచవిభుడు, విట్ఠలరాజు ద్విపదలో రచించిరి. తండ్రి నాయకుని కథ చెప్పగా దాని తరువాతి కథను కొడుకులు చెప్పిరన్న మాట. తిక్కన నిర్వచనోత్తర రామాయణమునకు పూనుకొనియు రామనిర్యాణమును వ్రాయక విడిచెను. ఆ కొరతను పిమ్మట జయంతి రామభట్టు పూరించెను. సంస్కృతమున భవభూతి సీతారాములను తిరిగి కలిపి, నాటకమును సుఖాంతము చేసెను. పదునెనిమిదవ శతాబ్దిలో కంకంటి పాపరాజు ఉత్తర రామాయణమును సమగ్రముగ చెప్పెను. ఒకరు ఆగిరి, ఒకరు తప్పుకొనిరి, ఒకరు మార్చిరి, ఒకరు సాంతముగ చెప్పిరి. రాముని ప్రక్కకు జరుపుట ఎంత కష్టమో ఆ కవులకు తెలియును.

ఏలయన ఉత్తరకథలో కేంద్రము రాముని విడిచి సీత దగ్గరకు పోవుచున్నది. పూర్వకథలో ఆమె కొరకు అతడు యుద్ధము చేసెను. ఉత్తరకథలో అతని వలననే ఆమెకు అరణ్యవాసము ప్రాప్తించెను. యాగసభలో లవకుశులు రామకథను గానము చేయుచుండగా రాముడు కూర్చుండి వినును. కథానాయకుడు శ్రోత యగుటకంటె గొప్ప స్థానభ్రంశము మరి యేది కలదు? కడపట సీత భూమిలో ప్రవేశించును. రాముడు నిలిచి చూచుట తప్ప చేయగలిగినది లేదు. జైమిని చెప్పిన అశ్వమేధకథలో బాలురు అతనితో యుద్ధమునకే దిగుదురు. 1934లోను, మరల 1963లోను 'లవకుశ' చిత్రము తెరకెక్కినప్పుడు తెలుగు ప్రజలు రాముని కించపరచినారని అలుగలేదు. సీత కొరకు కంటనీరు పెట్టిరి. నాయకునిపై ప్రేమ తగ్గకుండగనే, నాయకుని వలన నొచ్చినవారి వైపు మనస్సును త్రిప్పగలిగిన కథ అది.

అర్జునుని విషయము ఇంకను స్పష్టము. అశ్వమేధపర్వమున అతడు మణిపురమునకు పోగా, కన్నకొడుకు బభ్రువాహనుని బాణమునకు నేలకొరిగెను. ఉలూచి సంజీవనమణితో అతనిని బ్రదికించి, కారణమును చెప్పెను. శిఖండిని ముందిడుకొని భీష్ముని పడగొట్టిన దోషమునకు వసువులు శపించిరి. పుత్రుని చేతి యోటమియే దానికి నిష్కృతి. పూర్వకథలో ఏ కార్యమునకు మనము జేకొట్టితిమో ఆ కార్యమునకే ఉత్తరకథ లెక్క అడిగినది. జోయెల్ కథకును దీనికిని ఎంత పోలిక కలదో చదువరులు గ్రహింతురు. మౌసలపర్వము మరింత కఠినము. యాదవ స్త్రీలను కాపాడుచు వచ్చు అర్జునుని ఆభీరులు, కర్రలు పట్టిన దొంగలు, ఎదిరింతురు. గాండీవము ఎక్కుపెట్టుటయే కష్టమగును. దివ్యాస్త్రములు స్మరణకు రావు. కురుక్షేత్రమును గెలిచినవాడు దారిదోపిడిని ఆపలేకపోయెను. వచ్చిన పని తీరినది, అస్త్రములు తమ తావునకు పోయినవని వ్యాసుడు అతనికి బోధించెను.

ఈ కథల నుండి నాకు మూడు కొలతలు కనబడుచున్నవి. మొదటిది కారణము. నాయకుని స్థానభ్రంశము అతడు చేసిన పని నుండియో, గడచిన కాలము నుండియో పుట్టవలెను. కొత్తవానికి చోటు కావలెనని మాత్రమే పాతవానిని నెట్టుట కథ కాదు, వ్యాపారము.

రెండవది గౌరవము. ప్రక్కకు జరుపుట వేరు, చులకన చేయుట వేరు. సముద్రతీరమున వానరులు దిగులుపడియున్నప్పుడు జాంబవంతుడు, తాను యౌవనమున త్రివిక్రముని చుట్టి ప్రదక్షిణము చేసినవాడనని, ఇప్పుడు తొంబది యోజనములకు మించి దాటలేనని చెప్పి, హనుమంతునికి అతని బలమును గుర్తు చేసెను. ఆ ఘట్టమున దూకినవాడు హనుమంతుడే. కాని జాంబవంతుని చిన్నవానిగ ఎవరు తలచిరి? ఆ హనుమంతుడే మహాభారతమునకు వచ్చుసరికి అర్జునుని రథముపై పతాకమున నుండును. ఒక కావ్యమున లంకను కాల్చినవాడు మరియొక కావ్యమున జెండాపై నిలిచెను. ఏ భక్తుడును దానికి నొచ్చుకొనలేదు, ఆ స్థానము ఎత్తైనది గనుక.

మూడవది నిజాయితీ. భారతకథ అంతయు ఆదిపర్వములోనే సంగ్రహముగ చెప్పబడినది. ఎవరు పడుదురో, ఎవరు మిగులుదురో ఎరిగియే శ్రోత కూర్చుండెను. ఎరిగి వినువాడు దుఃఖమును భరింపగలడు. మోసపోయితినని తలచువాడు దుఃఖమునకు ముందు కోపమునే పొందును. స్నేక్ బొమ్మ చూపి రైడెన్‌ను ఇచ్చుటలో కళాప్రయోజనము లేకపోలేదు. మనకు అందు సమాచారమును ఎంతవరకు నమ్మవచ్చునన్నదే ఆ ఆటలోని ప్రధాన విషయము. జోయెల్ కథ ప్రచారచిత్రమునను, వేరొక పాత్ర రావలసిన సన్నివేశములో జోయెల్‌నే చూపిరి. రహస్యమును దాచుట కథకుని హక్కు. కాని లేనిదానిని ఉన్నట్లు చూపి ముందుగ ధనము తీసికొనుట ఆ హక్కులోనికి రాదు. ఈ యొక్క విషయమున యువకుల ఫిర్యాదునకు బలము కలదని ఒప్పుకొనవలెను.

నాయకుడు పుట్టిన పిమ్మట కవి సొత్తు కాడు, లోకము సొత్తు అని కొందరందురు. ఇంగ్లండున కోనన్ డాయిల్ 1893లో షెర్లాక్ హోమ్స్‌ను చంపివేసెను, పాఠకులు ఒప్పుకొనలేదు, 1903లో మరల బ్రతికింపవలసి వచ్చెను. స్పెయినున సెర్వాంటిస్ డాన్ కిహోటే కథ మొదటి భాగమును 1605లో ప్రకటింపగా, 1614లో మరియొకడు దొంగ ఉత్తరకథ వ్రాసెను. సెర్వాంటిస్ మరుసటి యేట తన రెండవ భాగమును వెలువరించి, ఇక ఎవరును తన నాయకుని లాగికొనకుండ అతనికి మరణము కల్పించెను. కవి ప్రేమయే ఆ మరణమును వ్రాయించినది. లోకమునకు నాయకుని ప్రేమించు హక్కు, కోపగించు హక్కు, రెండవ భాగమును చదువక మానుకొను హక్కు కలవు. కవి చేయి పట్టి వ్రాయించు హక్కు లేదు. నటిని బెదరించు హక్కు అసలే లేదు. 1961లో 'సీతారామకల్యాణము'న రావణుడైన ఎన్.టి. రామారావే 1963లో 'లవకుశ'లో రాముడయ్యెను. మన ప్రేక్షకులు రెంటిని ఆదరించిరి. పాత్రను పాత్రగ చూచు ఆ సంస్కారమును మనము పోగొట్టుకొనరాదు.

ఇంతవరకు కావ్యమును గూర్చి చెప్పితిని. కాని ఈ ప్రశ్న మన ఇండ్లలోనే కూర్చుండి యున్నది. సాయంకాలము కుందలహళ్ళి చెరువు చెంత నడచు పెద్దలను చూడుడు. గుంటూరులోనో, అనంతపురములోనో, కరీంనగరములోనో సేద్యము చేసినవారు, బడి నడిపినవారు, దుకాణము నిలిపినవారు, అప్పు చేసి బిడ్డలను చదివించినవారు వీరు. తమ కథలో వీరే నాయకులు. నేడు మనుమలను బడిబస్సు ఎక్కించుట, పార్సిలు వచ్చినప్పుడు తలుపు తీయుట వీరి పాత్ర. ఇంటి నిర్ణయములు వేరొక గదిలో, తరచుగ వేరొక భాషలో జరుగుచుండును. సంతానము చెడ్డది కాదు. కథ రెండవ భాగమునకు వచ్చినది, అంతియే. రెండవ భాగమునకు కొత్త నాయకుడు ఉండక తప్పదు.

కాని ఆ మూడు కొలతలు ఇచటను వర్తించును. మన ఉద్యోగము, మన మేడ వారి పూర్వకథ నుండి పుట్టినవని మనము తలచుచున్నామా? వారిని కూర్చుండబెట్టిన చోటు పతాకమువలె ఎత్తైనదా, లేక మూలయా? "కొన్నాళ్ళు ఉండి వెళ్ళండి నాన్నా" అని పిలిచి, పిదప ఊరిలోని ఇల్లు అమ్మించిన కొడుకు ప్రచారచిత్రము చూపి వేరొక కథ అమ్మినవాని కంటె ఏ విధముగ మేలు? స్నేక్‌నకు అన్యాయము జరిగినదని రాత్రి రెండు గంటల వరకు వాదించు యువకుడు, ప్రక్కగదిలో మేలుకొని యున్న తండ్రిని గూర్చియు ఒక్క మాట అడుగవలసి యున్నది.

పెద్దలకును ఇందు ఒక ధర్మము కలదు. గాండీవము వంగనప్పుడు దానితోనే పెనుగులాడుట అర్జునునకు అవమానమునే తెచ్చెను. తన దూరమెంతో తానే చెప్పి, దూకవలసినవానికి ధైర్యమిచ్చుట జాంబవంతునికి కీర్తి తెచ్చెను. ప్రక్కకు జరుపబడుటకు ముందే జరుగగలిగినవానిని ఎవరును త్రోయలేరు. కాని ఆ జరుగుట సులభము కాదు; ఎదుట పాడువారికి వినువాని విలువ తెలిసియున్నప్పుడే అది భరింపదగినదగును.

యాగసభలో రాముడు పాడలేదు, వినెను. తన కథను తనకంటె చక్కగ చెప్పుచున్న ఆ బాలురు ఎవరో అతనికి మొదట తెలియదు. తన బిడ్డలేయని విన్న తరువాతనే తెలిసికొనెను.