ఆలస్యమైన శాలువా

మేముండే ఏ.ఎస్. రావు నగర్ ఏ శాస్త్రవేత్త పేరు మీద వెలిసిందో, ఆ అయ్యగారి సాంబశివరావు గారికి పద్మభూషణ్ 1972లో వచ్చింది. అదే పురస్కారాన్ని 2013లో ఎస్. జానకి వద్దన్నారు. 1957 నుంచి పాడుతూ, నాలుగు జాతీయ అవార్డులు అందుకున్న గాయనికి డెబ్భై నాలుగో ఏట వచ్చిన పద్మ పురస్కారం అది. బాగా ఆలస్యమైందని, దక్షిణాది కళాకారులకు తగిన గుర్తింపు లేదని ఆవిడ అన్నారు.

'ఇచ్చింది తీసుకోవచ్చుగా, అంత అహం దేనికి?' అని అప్పుడు నేనూ అనుకున్నాను. ఆ మాట నాది కాదని తర్వాత అర్థమైంది. ఎంత తక్కువ దొరికినా, ఎంత ఆలస్యంగా దొరికినా కళ్లకద్దుకోవాలని ఆడపిల్లలకు నేర్పే పెంపకానిది.

అయితే ఒక చిక్కుంది. తనకు తగినది భారతరత్న అని కూడా ఆవిడ అన్నారు. అంటే రాజ్యం చేతిలోని తక్కెడను కాదనలేదు, తూకం సరిగా వేయమన్నారు. తక్కెడే వద్దనే నాలాంటివాళ్లకు ఇది మింగుడుపడదు. కానీ తన పని విలువ తనకు తెలుసని ఒక స్త్రీ నలుగురిలో చెప్పడం నాకిప్పుడు అహంలా కనిపించడం లేదు. గౌరవం దానమైతే కృతజ్ఞత చూపాలి. బాకీ అయితే, ఆలస్యమెందుకైందని అడగాలి.

మరి మన ముందుతరం రచయిత్రుల బాకీ మనం ఎక్కడ తీరుస్తున్నాం? సంస్మరణ సంచికల్లోనేనా?