ఆరు దేశాలు వద్దు, అమ్మలూ

చిరంజీవి అమ్మలుకు, నరసరావుపేట నుంచి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్యాకేజీ కాగితం ఇంట్లో అందరూ చూశారు. పది రోజులు, ఆరు దేశాలు. లండన్‌లో దిగి పారిస్, బెల్జియం, హాలండ్, జర్మనీ మీదుగా స్విట్జర్లాండ్ దాకా బస్సు. పెద్దదానికి తొమ్మిదేళ్లు, చిన్నోడికి అయిదు. పొద్దున్నే ఆరింటికి సామాను సర్దుకోవాలని ఆ కాగితంలో చాలాచోట్ల ఉంది. పిల్లలు ఆడుకునే పూట ఒక్కటీ లేదు.

నువ్వు పుట్టకముందు ఈ ఇంట్లోంచి ఒక బస్సు యాత్ర బయలుదేరింది. మిర్చికి ధర పలికిన ఏడు. తిరుపతి మొదలు కన్యాకుమారి దాకా గుళ్ల జాబితా అచ్చేసి ఇచ్చారు. మీ బాబాయి అప్పుడు నాలుగేళ్లవాడు. తెల్లవారుజామున లేపడం, ఎండలో వరుసలో నిలబెట్టడం, రాత్రి బస్సులోనే నిద్ర. మదురై చేరేసరికి వాడికి వాంతులు, విరేచనాలు. మిగతా యాత్రికులు ఆగలేరు కదా, బస్సు రామేశ్వరం వెళ్లిపోయింది. భాష తెలియని ఊళ్లో మీ తాతయ్య, నానమ్మ పిల్లాణ్ణి ఎత్తుకుని ఆస్పత్రి వెతుక్కున్నారు. వాడు బతికాడు. నానమ్మ గాజులు మాత్రం మదురైలోనే ఉండిపోయాయి. ఆమె చేతికి చివరిదాకా మట్టిగాజులే ఎందుకుండేవో నువ్వెప్పుడూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

మీ పెదనాన్న చదువుకునే రోజుల్లో విహారమంటే మాచర్లే. రైలు దిగి, విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ. 1954 నుంచి 1960 దాకా ఆ లోయలో తవ్వకాలు జరిగాయి. సాగర్ నీళ్లు ముంచకముందే శిల్పాలను, కొన్ని కట్టడాలను కొండమీదికి చేర్చారు. అక్కడి మ్యూజియంలో మాస్టారు పిల్లల్ని అన్ని గదులూ తిప్పలేదు. ఒక్క రాతి పలక ముందు కూర్చోబెట్టి, అందులో ఎవరు ఏనుగెక్కారో, ఎవరు ఏడుస్తున్నారో చెప్పమన్నాడు. ఆ పలకలో ఏ మూల ఏముందో మీ పెదనాన్న ఇప్పటికీ కళ్లు మూసుకుని చెప్పగలడు. తర్వాతి రోజుల్లో పరుగు మీద చూసిన పెద్ద పెద్ద ఊళ్లు అంతగా గుర్తులేవు.

ఇప్పటివాళ్లకు చూడటం కన్నా చూశామని చూపించుకోవడం ఎక్కువైంది. ఈఫిల్ టవర్ ముందు అరగంట, ఆ అరగంటా ఫోటోలకే. పిల్లాడు నిద్రమొహంతో ఏడుస్తుంటే నవ్వమని కసురుతారు. ఇంటికొచ్చాక ఏం చూశావురా అంటే హోటల్లో లిఫ్ట్ అంటాడు. వాడి తప్పేముంది?

ఆరింట్లో ఒక్కటి ఎంచుకో. పల్నాటి పిల్లలకు లండన్ సరిపోతుందని పెదనాన్న అభిప్రాయం, కారణం కూడా ఉంది. మన జిల్లాలోని అమరావతి స్తూపం దగ్గర 1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన పాలరాళ్లు ముందు మద్రాసుకు, 1859లో అక్కణ్ణుంచి లండన్‌కు వెళ్లాయి. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ప్రవేశం ఉచితం. మిగతావాటిలో చాలాభాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. మన కృష్ణ ఒడ్డు రాయి అంతదూరం ఎలా వచ్చిందని పెద్దది తప్పకుండా అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే తీరిక మీ ప్రయాణంలో ఉండాలి. చిన్నోడికి రాళ్లు విసుగనిపిస్తే సౌత్ కెన్సింగ్టన్‌లో నేచురల్ హిస్టరీ మ్యూజియం ఉంది, డైనోసార్ ఎముకలు, నీలి తిమింగలం అస్థిపంజరం చూస్తాడు. పక్కనే సైన్స్ మ్యూజియం. రెండూ ఉచితమే. పదకొండేళ్లలోపు పిల్లలకు సిటీ బస్సుల్లో టికెట్ లేదు, పెద్దవాళ్లతో ఉంటే మెట్రోలోనూ లేదు.

ఇక పనుల సంగతి. బ్రిటన్ వీసా వేరు, షెంగెన్ వీసా వేరు. ఆరు దేశాల ప్యాకేజీకి రెండూ కావాలి, రెండు ఫీజులు. షెంగెన్‌కు పెద్దవాళ్లకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్లలోపు పిల్లలకు 45, అంతకన్నా చిన్నవాళ్లకు లేదు. బ్రిటన్‌కు పిల్లలకూ పెద్దవాళ్ల ఫీజే. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే బ్రిటన్ దరఖాస్తు తీసుకుంటారు, ఆలస్యం చేయకు. పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్లకే చెల్లిపోతుంది, తేదీలు ఇవాళే చూడు. అల్లుడికి సెలవు దొరక్క నువ్వొక్కదానివే పిల్లల్ని తీసుకెళ్లేటట్టయితే, అతని అంగీకార పత్రం, పిల్లల పుట్టిన తేదీ సర్టిఫికెట్లు దగ్గరుంచుకో. ప్రయాణ బీమా బ్రిటన్ అడగకపోయినా తీసుకో, అక్కడ ఆస్పత్రిలో చేరిస్తే విదేశీయుల దగ్గర డబ్బు వసూలు చేస్తారు. హోటల్ గది కాకుండా వంటగది ఉన్న ఇల్లు తీసుకుంటే చిన్నోడికి అన్నం, పప్పు దొరుకుతాయి. మే నెలాఖర్లో అక్కడ రాత్రి తొమ్మిదింటిదాకా వెలుతురుంటుంది, కిటికీలకు మందపాటి తెరలున్నాయో లేదో అడుగు. రోజుకు ఒక్కచోటే. మధ్యాహ్నం నిద్ర. సాయంత్రం పార్కు.

ఇంకోమాట మీ పెద్దమ్మ చెవిన పడింది. దీనికోసం నగలు బ్యాంకులో పెడతానన్నావట. అలాగైతే ఈ ఏడు ఆగు, పిల్లల్ని తీసుకుని ఇక్కడికి రా, సాగర్‌కు, కొండకు పెదనాన్న తీసుకెళ్తాడు. లండన్ వచ్చే ఏడు చూసుకోవచ్చు. ఆ ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టొద్దు. కట్టేసి ఉంటే, ఎంత తిరిగిస్తారో ఈ వారంలోనే కనుక్కుని రద్దు చేసుకో.

పెదనాన్న