నెత్తళ్ల తగువు

పెరూ తీరాన చించా దీవుల్లో ఒక నీటికాకి కాపురముండేది. వాన పడని, చెట్టు మొలవని చోటు. పుల్లా పుడకా దొరకక గూడు కూడా రెట్టతోనే కట్టుకుంది. అయితేనేం, ఎదురుగా చల్లని సముద్రం, దాని నిండా నెత్తళ్లు.

ఒక ఏడు నీళ్లు వేడెక్కాయి. నెత్తళ్లు లోతుకు దిగిపోయాయి. పొద్దస్తమానం మునిగి మునిగి నీటికాకి ఉత్త నోటితో తిరిగొచ్చింది. పిల్లలు అలవాటుగా దాని గొంతులోకి తల దూర్చి వెతుక్కున్నాయి. ఏమీ లేదు.

ఇంకా సామ్రాజ్యపు జనం మామా కోచా అని కొలిచిన కడలితల్లి దగ్గర నీటికాకి మొరపెట్టుకుంది. తల్లి నీళ్లను వేడెక్కించిన ఎల్ నినోనూ, వేట పడవనూ పిలిపించింది.

"నేనేమైనా కొత్తగా వచ్చానా? దీని తాతముత్తాతల నాడూ వచ్చాను. అప్పుడూ కుప్పలుగా చచ్చాయి, నేను పోయాక మళ్లీ లక్షలయ్యాయి. ఈసారెందుకు కాలేదో ఆ పడవనడగండి" అన్నాడు ఎల్ నినో.

"ఏటా పట్టినంతే పట్టాను. ఒక్క బుట్ట ఎక్కువ పట్టలేదు" అంది పడవ.

"అదే నీ తప్పు. పంట సగమైన ఏడు కూడా నిరుటి కౌలే గుంజావు" అంది తల్లి.

"మరి వీడికి శిక్ష లేదా?"

"వాడికి చెవుల్లేవు. నీకున్నాయి."

నీతి: వేడి ఏడును ఆపలేం, ఆ ఏడు వల ఆపగలం.

కథ కల్పితమే, లెక్కలు కావు. 1950లలో పెరూ దీవుల్లో ఈ పక్షులు రెండు కోట్లు దాటి ఉండేవి. 1970లో పెరూ కోటీ ఇరవై లక్షల టన్నుల నెత్తళ్లు పట్టింది. దాదాపు అంతా పొడి కొట్టి కోళ్లకూ పందులకూ మేపడానికే! 1972లో ఎల్ నినో రాగానే వేట కుప్పకూలింది. పక్షులు మళ్లీ పాత సంఖ్యకు చేరలేదు. పక్షులకు మేతైన చేప దాని గరిష్ఠ స్థాయిలో మూడో వంతుకన్నా తగ్గితే సముద్రపక్షులు పెంచుకోగలిగే పిల్లలు తగ్గిపోతాయని 14 జాతులను పరిశీలించిన శాస్త్రవేత్తలు 2011లో తేల్చారు.

2023లో నీళ్లు వేడెక్కి, వలలో లేత నెత్తళ్లే ఎక్కువ పడుతుంటే, పెరూ ప్రభుత్వం ఉత్తర, మధ్య తీరాల్లో తొలి వేట సీజన్‌నే రద్దు చేసింది. మంచి పనే. కానీ ఆ నెలల్లో కళాసీల ఇళ్లు ఎలా గడవాలన్నదీ అదే లెక్కలో వేయాలి. కథలో పడవ ఆ మాట అడగనే లేదు.