ఉత్తుత్తి ఫ్లాష్

2004 సెప్టెంబరులో నికాన్ కంపెనీ రెండు ప్రొఫెషనల్ కెమెరాలను ప్రకటించింది. ఒకటి డి2ఎక్స్, పన్నెండు మెగాపిక్సెళ్ళ డిజిటల్ కెమెరా. వృత్తిలో ఉన్నవాళ్ళు ఎదురుచూస్తున్నది దానికోసమే. రెండోది ఎవరూ పెద్దగా అడగనిది: ఎఫ్6. ఫిల్మ్ కెమెరా. 1959లో మొదలైన ఎఫ్ వరుసలో ఆరోది. ఆఖరిది కూడా అదేనని అప్పుడెవరూ నోరు తెరిచి చెప్పలేదు గానీ, చూసినవాళ్ళకి తెలిసిపోతూనే ఉంది. సరిగ్గా ముందు నెలలోనే కార్టియర్-బ్రెసాన్ చనిపోయాడు. రెండింటికీ ఏ సంబంధమూ లేదు, ఆయన వాడింది లైకా. కానీ శకునాలు చూసేవాళ్ళని ఆపలేం కదా.

ఆ కెమెరా వచ్చినప్పుడు ఫోటోగ్రాఫర్లు ఏమన్నారో చదవడం నాకు కొన్నాళ్ళుగా ఒక వ్యసనం. పాత చుట్టరికాల గొడవలు వింటున్నట్టు ఉంటుంది. కొందరు ఉబ్బితబ్బిబ్బయ్యారు: మమ్మల్ని ఇంకా మర్చిపోలేదన్నమాట అని. కొందరు నవ్వారు: ఊరు ఖాళీ అవుతుంటే కొత్త ఇల్లు కట్టేదెవరు? బాగా చెయ్యి తిరిగిన పాతకాపులు మాత్రం తప్పులెంచడంలో పడ్డారు. ఎఫ్5కి వ్యూఫైండర్ ఊడదీసి వేరేది పెట్టుకునే వీలుండేది, దీనికి లేదే అని. నిలువు గ్రిప్పు విడిగా కొనుక్కోవాలా అని. ఈ మూడో రకం వాళ్ళంటేనే నాకు ఎక్కువ గౌరవం. తప్పులెంచేవాడు దాన్ని ఇంకా పనిముట్టుగానే చూస్తున్నాడు. పొగిడేవాడు అప్పటికే జ్ఞాపకంగా చూడటం మొదలుపెట్టాడు.

ఎందుకంటే పొగిడినవాళ్ళలో చాలామంది చివరికి డిజిటల్ కెమెరానే కొన్నారు. ఇంత మంచి ఫిల్మ్ కెమెరా ఇంతవరకూ రాలేదని ఒప్పుకుంటూనే, నాకు మాత్రం రేపు పొద్దున్నకల్లా ఫోటోలు పంపాల్సిన ఉద్యోగం ఉంది అన్నారు. ఇందులో అబద్ధం ఏమీ లేదు. మనం తెలుగు మీడియం బడుల గురించి మాట్లాడేదీ ఇలాగే. అవి ఉండాలంటాం, గట్టిగానే అంటాం, పిల్లల్ని మాత్రం ఎదురువీధి బడిలో చేర్పిస్తాం. 2006 జనవరిలో నికాన్ తన ఫిల్మ్ కెమెరాలు దాదాపు అన్నిటినీ ఆపేస్తూ రెండింటినే మిగిల్చింది: అన్నిటికన్నా ఖరీదైన ఎఫ్6, అన్నిటికన్నా చవకైన ఎఫ్ఎం10. మధ్యతరగతి మొత్తం పోయింది. ఎఫ్6 ఇంకో పద్నాలుగేళ్ళు బతికి 2020లో ఆగిపోయింది.

నేను దాని గురించి ఇంతగా చదవడానికి కారణం, నా దగ్గర రెండోది ఉండటం. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎఫ్ఎం10. నాలుగేళ్ళ నుంచి ఆదివారాలు దాన్ని మెళ్ళో వేసుకుని హైదరాబాద్ వీధుల్లో తిరుగుతున్నాను. ఎందుకు అని అడిగినవాళ్ళకి చెప్పడానికి నా దగ్గర ఒక జవాబు తయారుగా ఉండేది. ఎఫ్6 వచ్చినప్పుడు దాన్ని వెనకేసుకొచ్చినవాళ్ళు చెప్పిన జవాబే అది, 2022లో లైకా తన పాత ఎం6ని మళ్ళీ తయారుచేసి నాలుగు లక్షల పైచిలుకు ధర పెట్టినప్పుడు జనం చెప్పిన జవాబూ అదే. రీలులో ఉన్నవి ముప్పై ఆరే. అందుకని ప్రతి ఫోటోకీ ముందు ఆలోచిస్తాం. ఎదుటి మనిషిని నిజంగా చూస్తాం. ఫోన్ ఉన్నవాడు వంద తీసి ఒక్కటీ చూడడు. కొరత మనల్ని మంచివాళ్ళని చేస్తుంది.

ఈ ఆఖరి మాట ఎవరూ ఇంత పచ్చిగా అనరు. అనకపోయినా, చెప్పేదాని అర్థం అదే. నేను దీన్ని నమ్మాను కూడా. అయితే నమ్మకూడని కారణం నాకు పదేళ్ళ వయసు నుంచీ తెలుసు. మర్చిపోవడం సుఖంగా ఉండి మర్చిపోయాను.

మా బాబాయికి చీరాల దగ్గర ఫోటో స్టూడియో ఉండేది. సెలవుల్లో పెళ్ళిళ్ళకి నన్ను వెంట తీసుకెళ్ళేవాడు, బ్యాగు మొయ్యడానికి. తొంభైల్లో సంగతి. అప్పట్లో పెళ్ళి ఫోటోల బేరం రీళ్ళ లెక్కన జరిగేది. మూడు రీళ్ళ పెళ్ళి, ఐదు రీళ్ళ పెళ్ళి. మూడు రీళ్ళంటే నూట ఎనిమిది ఫోటోలు. బాబాయి ఎక్కించేటప్పుడు జాగ్రత్తపడి ఒక్కో రీలు మీద ఇంకో రెండు లాగేవాడు, అదొక గొప్ప. జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు, అప్పగింతలు, వియ్యాలవారి గ్రూపులు, భోజనాల బంతి. ఇవన్నీ ముందే లెక్క. లెక్కలో లేనిది జనం. పెళ్ళికి నాలుగొందల మంది వస్తారు, అందరికీ ఫోటో కావాలి. పెళ్ళికూతురి పక్కన నిలబడి చీర సర్దుకుని ఎదురుచూస్తారు. తియ్యనంటే మనసు కష్టపెట్టుకుంటారు, పెళ్ళివారికి మాటొస్తుంది.

దానికి ఉపాయం ఉంది. ఫ్లాష్ వెనక టెస్ట్ బటన్ ఉంటుంది. కెమెరా కంటికి పెట్టుకుని, 'ఇటు చూడండి, నవ్వాలి' అని, ఆ బటన్ నొక్కితే ఫ్లాష్ వెలుగుతుంది. షట్టర్ పడదు, రీలు తిరగదు. వాళ్ళు సంతోషంగా వెళ్ళిపోతారు. పెళ్ళిళ్ళు తీసినవాళ్ళని ఎవర్నడిగినా ముసిముసిగా నవ్వి ఒప్పుకుంటారు. మా బాబాయి ఒక్కడు కనిపెట్టిందేం కాదు.

ఉత్తుత్తి ఫ్లాష్ ఎవరికి, అసలు ఫోటో ఎవరికి అన్నది బాబాయి చూపుతోనే తేల్చేసేవాడు. మేనమామకి అసలుది. ఊరి పెద్దకి అసలుది, ఒక్కోసారి రెండు. దూరపు చుట్టానికి, అప్పుడే బస్సు దిగినవాళ్ళకి, వంటవాళ్ళకి, అంట్లు తోమడానికి వచ్చినవాళ్ళకి ఉత్తుత్తిది. నాకు పక్కనుంచి తెలిసిపోయేది, షట్టర్ శబ్దం రాదు కాబట్టి. పందిట్లో నాదస్వరం మోగుతుండగా ఆ శబ్దం ఉందో లేదో ఇంకెవరికీ వినిపించదు.

ఒక పెళ్ళిలో అంట్ల దగ్గరున్న ఒకావిడ చేతులు కడుక్కుని, తడి చేతులు కొంగుకి తుడుచుకుని వచ్చింది. 'అబ్బాయా, నాదీ ఒకటి తియ్యయ్యా' అంది. పెళ్ళికూతుర్ని చిన్నప్పుడు ఎత్తుకు పెంచింది తనేనట. పెళ్ళికూతురు కూడా నవ్వుతూ చెయ్యి పట్టుకుని పక్కన నిలబెట్టుకుంది. బాబాయి ఫ్లాష్ కొట్టాడు. శబ్దం రాలేదు. నెల తర్వాత ఆవిడ స్టూడియోకి వచ్చింది, డబ్బులు ముడేసుకుని. బాబాయి ఆల్బమ్ తిరగేసినట్టు తిరగేసి, 'ఆ ఒక్కటీ కాలిపోయిందమ్మా, రీలు మొదట్లో పడింది' అన్నాడు. ఆవిడ 'అయ్యో, నా మొహమే అంత' అని వెళ్ళిపోయింది. తప్పు తన మొహం మీద వేసుకుంది.

బాబాయి చెడ్డవాడు కాదు. ఇది చెప్పకపోతే కథ అబద్ధమవుతుంది. ఆ పెళ్ళి మూడు రీళ్ళ బేరం, నాలుగో రీలు వేస్తే ఆ డబ్బు ఆయన జేబులోంచే పోవాలి. 'మరి ఏం చేయమంటావురా, తియ్యను ఫో అనమంటావా' అన్నాడు నేనడిగితే. నా దగ్గర జవాబు లేదు. మొహం మీదే కాదనడం కన్నా ఒక వెలుగు వెలిగించి పంపడం దయేనేమో అని ఇప్పటికీ ఒకోసారి అనిపిస్తుంది. ఆవిడ తిరిగి రాకపోయి ఉంటే నాకు పూర్తిగా అలానే అనిపించేదేమో.

కాబట్టి కొరత మనల్ని జాగ్రత్తగా చూడటం నేర్పింది అనే మాటకి నాకు తెలిసిన చరిత్ర ఇది. కొరత బాబాయికి జాగ్రత్తగా చూడటం నేర్పిన మాట నిజమే. ఎవర్ని చూడాలి, ఎవర్ని చూసినట్టు నటించాలి అనేది ఆయనంత జాగ్రత్తగా చూసినవాడు లేడు.

ఇంకో సంగతి. ఫిల్మ్ రోజుల్లో గొప్పవాళ్ళందరూ గీచి గీచి తీశారనుకోవడం కూడా ఉత్త భ్రమ. రాబర్ట్ ఫ్రాంక్ 'ది అమెరికన్స్' పుస్తకంలో ఉన్నవి 83 ఫోటోలు, వాటికోసం ఆయన తీసినవి సుమారు 27 వేలు. గ్యారీ వినోగ్రాండ్ 1984లో పోయేనాటికి, తీసి కనీసం కడిగించని రీళ్ళే సుమారు 2500 మిగిలాయి. ఆ మనిషికి ముప్పై ఆరు అనే అంకె ఏ క్రమశిక్షణా నేర్పినట్టు లేదు. గ్రాంటో, పత్రికో, ఇంకొకటో వెనకుండి రీళ్ళు అందుతున్నవాడికి ఫిల్మ్ అనంతమే. లెక్కపెట్టుకున్నది చీరాల్లో బాబాయి లాంటివాళ్ళు. ఇప్పుడు ఆ లెక్కని మనం ఒక సౌందర్యంగా కొనుక్కుంటున్నాం.

ఉపవాసమున్నా పస్తున్నా కడుపు ఖాళీయే. ఏకాదశి నాడు మా అమ్మ ఉపవాసం ఉంటే ఇంట్లో అందరూ గౌరవంగా మాట్లాడతారు, సాయంత్రం ఫలహారం సిద్ధంగా ఉంటుంది. పస్తున్నవాడితో ఎవరూ అలా మాట్లాడరు. నేను ఉపవాసం తప్పనడం లేదు. కావాలని పెట్టుకున్న హద్దు మనిషికి మేలు చేయగలదు, నాకు ఎఫ్ఎం10 కొంత చేసింది కూడా. వెలుతురు ఎటునుంచి పడుతోందో గమనించడం దానివల్లే అలవాటైంది. నా పేచీ ఒక్కచోటే. ఉపవాసం ఉంటున్నది నేనైతే ఖాళీ కంచం నా ముందే ఉండాలి. ఫోటోలో సంగతి అలా కాదు. నేను పెట్టుకున్న హద్దుకి ఆకలితో ఉండేది అవతలి మనిషి.

ఇది నాకు తట్టింది పుస్తకాల్లోంచి కాదు. మొన్న వేసవిలో కోఠిలో ఒక చాయ్ బండి దగ్గర నిలబడి, ఎదురుగా పాత పుస్తకాల కుప్పల మీద పడుతున్న ఎండని తీస్తున్నాను. గ్లాసులు కడిగే కుర్రాడు, ఇరవై ఏళ్ళుంటాయేమో, చాలాసేపు చూసి దగ్గరికొచ్చాడు. 'అన్నా, గంతసేపటి సంది తీస్తున్నవ్, నాదొకటి తియ్యరాదు' అన్నాడు. కౌంటర్ చూశాను. 33. మిగిలినవి మూడు. రోల్ కొని, కడిగించి, స్కాన్ చేయించేసరికి నాకు ఒక్కో ఫోటోకి నలభై రూపాయల దాకా పడుతోంది. కానీ డబ్బు కాదు కారణం. ఆ మూడూ ఇంకా మంచి వెలుతురు కోసం దాచుకున్నాను. 'రోల్ అయిపోయింది తమ్ముడూ' అన్నాను.

అతను 'సరే అన్నా' అని గ్లాసుల దగ్గరికి వెళ్ళిపోయాడు. నా జేబులో ఫోను ఉంది. అందులో వేల ఫోటోలకి చోటుంది. అది తీసి ఒక్కటి నొక్కొచ్చు. ఆ క్షణంలో నాకు అది తోచనైనా లేదు, ఎందుకంటే ఫోనుతో తీసేది ఫోటో కాదని నాకు నేను నేర్పుకున్నాను. బాబాయికి నాలుగో రీలుకి డబ్బుల్లేవు. నాకేం లేదు? పైగా బాబాయి కనీసం ఫ్లాష్ వెలిగించాడు.

ఎఫ్6లో ఒక విచిత్రమైన సదుపాయం ఉంది. ప్రతి ఫోటో ఏ వేగంతో, ఏ అపర్చర్‌తో తీశారో ఆ కెమెరా గుర్తుపెట్టుకుంటుంది. ముప్పై ఆరు రీళ్ళయితే 57 రీళ్ళ దాకా లెక్క దాచుకుంటుంది. డిజిటల్ వాళ్ళకి ఊరికే దొరుకుతున్న సమాచారం ఫిల్మ్ వాళ్ళకి కూడా దొరకాలని ఎవరో ఇంజనీరు కూర్చుని ఆలోచించాడు, పోయేకాలం వచ్చిన వస్తువు కోసం. అందుకే ఆ కెమెరాని వెర్రితనం అన్నవాళ్ళతో నేను ఏకీభవించలేను. మిగిలిన కొద్దిమందికి కూడా పని బాగా జరగాలనుకోవడంలో ఒక మర్యాద ఉంది. వాళ్ళు కొరతని పూజించలేదు, ఉన్నంతలో మనిషికి వీలైనంత అమర్చిపెట్టారు. పూజించడం ఆ తర్వాత మేం మొదలుపెట్టిన పని.

రెండు వారాల తర్వాత కొత్త రోల్ వేసుకుని కోఠి వెళ్ళాను. కుర్రాడు ఉన్నాడు. ఫోటో తీస్తానంటే నవ్వి, తల దువ్వుకొస్తానని బండి వెనక్కి వెళ్ళాడు. ఒకటి తీశాను. అది సరిగ్గా రాదేమోనన్న భయంతో ఇంకోటి, బండితో సహా ఇంకోటి. 'వాట్సప్ చేస్తవా అన్నా' అని నంబర్ చెప్పాడు. ఇది రీలు కెమెరా, కడిగి వచ్చేదాకా పది రోజులు పడుతుందన్నాను. 'పది రోజులా!' అని నా మొహంలోకి చూశాడు, నమ్మాలా వద్దా అన్నట్టు. అప్పుడు ఫోను తీసి, అందులో కూడా తీసి, అక్కడికక్కడే పంపాను. వెంటనే దాన్ని స్టేటస్‌గా పెట్టుకున్నాడు.

రోల్ ఇంకా ల్యాబ్‌లోనే ఉంది.