ఇంటిపేరుకు బాప్తిస్మం ఉందా?

క్లౌ అనే ఇంగ్లీషు ఇంటిపేరు ఇరుకైన లోయల పక్కన కాపురమున్నవాళ్లకు వచ్చింది. ఆ పేరున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ మాత్రం ఒంగోలు నల్లరేగడి నేలల్లో పనిచేశారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మ నీళ్లలో బాప్తిస్మం పొందారు. మతం అది కొత్త జన్మ అంటుంది. మరి జన్మే కొత్తదైతే ఇంటిపేరు పాతదెలా? 1895లో వినుకొండలో పుట్టిన కవి జాషువా పేరు బైబిలుది, గుర్రం అనే ఇంటిపేరు తెలుగుది. మతం మనిషి పేరును తాకింది, ఇంటిపేరు జోలికి పోలేదు. పోకపోవడమే సబబని నా వాదన, ఎందుకంటే విశ్వాసం మనిషిది, ఇంటిపేరు లోకం పెట్టుకున్న గుర్తు.

నామరూపాలు ఆత్మకు అంటవు కదా, ఈ గొడవెందుకని వేదాంతి అడగొచ్చు. నిజమే, కానీ పెళ్లిళ్ల పేరయ్య ఆత్మ సంగతి అడగడు, కులం పసిగట్టడానికి ముందు ఇంటిపేరే అడుగుతాడు! అందుకే దాన్ని తీసిపారేయాలనేవారి బాధ నాకు అర్థమవుతుంది. తీసేస్తే వంశజ్ఞాపకం పోతుందన్న అభ్యంతరం మాత్రం నిలవదు. అమరావతి స్తూపానికి పూర్ణఘటం చెక్కిన రాతిపలకను దానమిచ్చిన విధికుడు తనది తోలుపని అని శాసనంలో దాచకుండా చెప్పుకున్నాడు. ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకునన్నాడు; తల్లినీ, భార్యనూ, అన్నదమ్ములనూ, పిల్లలనూ పుణ్యంలో కలుపుకున్నాడు. అందులో ఇంటిపేరు లేదు. వృత్తి చెప్పుకున్నందుకు ఆ దానాన్ని స్తూపం కాదనలేదు.